కడపంక్తి

పైలట్ మేదిని లాగ్‌పుస్తకంలో రాసింది ఒక్కటే ముక్క:
"పలచన చేస్తే వణుకుతోంది."

మూడు రోజులు వెతికాను.
ప్లగ్గులు ఎనిమిదీ ఊడదీసి గోనెపట్టా మీద పరిచాను,
మూడు సిలిండర్లవి మసిబొగ్గు,
నాలుగోదానివి మాత్రం తవుడు రంగు.
ఇన్‌టేక్ గొట్టాలకు సబ్బునీళ్లు పూసి గాలి కొట్టాను,
ఒక్క బుడగ రాలేదు.
మాగ్నెటోలు సరే. గాస్కెట్లు సరే.
జక్కూరు హంగారులో పడుకునే కుక్క కూడా
నన్ను జాలిగా చూసింది.

"మీరే రండి పైకి," అంది. "వినండి."

తెల్లారి ఆరున్నర. చెరువు మీద మంచు ఇంకా లేవలేదు.
బళ్లారి రోడ్డు వంతెన మీద
ఎయిర్‌పోర్టు టాక్సీల దీపాలు దారానికి గుచ్చినట్టు.
బెంగుళూరు నేలే మూడు వేల అడుగుల ఎత్తు,
ఇక్కడి గాలి పుట్టుకతోనే పలచన.
అందుకే రన్‌వే దాకా వెళ్లేలోపే
ఎర్రగుబ్బని కాస్త వెనక్కి లాగుతాం,
లేకుంటే ప్లగ్గులు సీసం తిని గొంతు పూడుకుంటాయి.

నంది కొండ ఎడమ రెక్క కిందికి వచ్చింది.
ఐదున్నర వేలు. సూది నిలిచింది.
మేదిని గుబ్బని చుట్టు చుట్టుగా తిప్పింది,
లాంతరు ఒత్తి తగ్గించే చేతిలా.
ఒక చుట్టు, వేడి పెరిగింది.
ఇంకో అరచుట్టు, శిఖరం దాటింది.
అప్పుడు మొదలైంది
సీటు కింద, తర్వాత మోకాలిలో, తర్వాత
నా చొక్కా జేబులోని స్క్రూడ్రైవరులో.

మా అమ్మ పెనుకొండలో పెళ్లిళ్లకి వండేది.
వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు.
నేను కడపంక్తిలో కూర్చున్నవాణ్ణి.
నెయ్యిగిన్నె నా ఆకు దాకా వచ్చేసరికి
గరిటె అడుగు గీకిన చప్పుడే వడ్డించేవారు.

నూనెతొట్టి కింద కార్బురేటరు.
అక్కణ్ణుంచి నాలుగు గొట్టాలు, నాలుగు ఆకులు.
ఈ వడ్డించేవాడు ఎవరికీ మనవాడు కాడు.
పెట్రోలు బొట్టుగా ఉన్నంతసేపూ దానికి బరువు,
వంపు దగ్గర తిరగలేదు,
ఎటు విసిరితే అటే పడుతుంది.
చిక్కగా ఉన్నప్పుడు తెలియదు.
అందరి ఆకులూ పొర్లుతుంటే ఎవరు లెక్కపెడతారు?
కొరత రాగానే కడవాడు ముందు బయటపడతాడు.
వాడు అరవడు.
మిగతా ముగ్గురూ బలంగా తన్నుతుంటే
వాడొక్కడు నీరసంగా తన్నుతాడు,
విమానమంతా వణుకుతుంది.

పైగా థర్మామీటరు ఉన్నది ఒక్క గొట్టానికే.
అదీ బాగా తిన్నవాడికి.

"లోపలికి నెట్టేస్తాను," అంది మేదిని.
పలచన అంటే ఇంజను కాలిపోవడమేనని
ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు.
నెడితే వణుకు పోతుంది.
దాంతోపాటు గంటకి ఆరేడు లీటర్లూ పోతాయి.
ఆగమన్నాను.
థ్రాటిల్ వెంట్రుకవాసి వెనక్కి తియ్యమన్నాను,
లోపలి రేకు ఏటవాలుగా నిలిచి గాలిని సుడి తిప్పుతుంది.
కార్బురేటర్ వేడి, కొంచెం, రెండు వేళ్ల వెడల్పు.
బొట్లు చెదిరి ఆవిరయ్యాయి కాబోలు.
ఆవిరి ఏ వంపైనా తిరుగుతుంది.
వేడిగాలి పలచన గనక మిశ్రమం మళ్లీ చిక్కబడింది.
ఎర్రగుబ్బ ఇంకో పావుచుట్టు.

స్క్రూడ్రైవరు మెదలడం మానింది.
పూర్తిగా కాదు.
దోమ వెళ్లిపోయాక చెవిలో మిగిలే అనుమానమంత.

మేదిని ఏమీ అనలేదు.
చెయ్యి గుబ్బ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.
దొడ్డబళ్లాపురం దాకా అలాగే వెళ్లాం.

దిగాక నిచ్చెన వేసుకుని
రెక్కలో కొలకర్ర ముంచాను.
నీలం తడి ఎక్కడిదాకా ఉందో
ఆరిపోకముందే గోటితో గుర్తుపెట్టాను.
పుస్తకం తెరిచి "లోపం కనబడలేదు" అని రాసి,
కొట్టేసి,
పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి,
"నాలుగో సిలిండరుకీ ఒక థర్మామీటరు కావాలి"
అని రాశాను.
తేదీ. సంతకం.